పడవకు పైకప్పు

"గంట కొట్టండి మానోంగ్" అంది లిండా.

"ఎవరి కోసం ప్రెస్?" అన్నాడు నెస్టర్.

సేవా క్లబ్బు హాలు నిండా కుర్చీలు వేసి ఉన్నాయి. మనుషులు మాత్రం ఇద్దరే, అందరూ 'ప్రెస్' అని పిలిచే అధ్యక్షురాలు లిండా, ఆవిడ 'మానోంగ్', అంటే అన్నా, అని పిలిచే కార్యదర్శి నెస్టర్. బల్ల మీద పాన్సిత్ నూడుల్స్ చల్లారి ముద్ద కడుతున్నాయి. లిండా గిన్నె మూత తీసి చూసింది. పెట్టేసింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చి మళ్ళీ తీసింది.

"శనివారం కుదరదంటే సమావేశం బుధవారానికి మార్చాను. ఆకలేస్తోందంటే భోజనం పెట్టించాను. లక్కీ డ్రాలో బియ్యం బస్తా కూడా పెట్టాను. ఇంకేం చెయ్యమంటారు? వీధిలో నిలబడి నాట్యం చెయ్యనా?"

"ఆ ఒక్కటీ వద్దు ప్రెస్. ఉన్న నేనూ పారిపోతాను."

ఆవిడకు నవ్వు రాలేదు. శుక్రవారం బోహోల్ ప్రాంతపు క్లబ్బులన్నిటికీ పెద్దాయన తనిఖీకి వస్తున్నాడు. ఈ కుర్చీలు ఇలాగే ఉంటే క్లబ్బు మూసేయడం ఖాయం. మూసేస్తే, ఎదురు దీవి నుంచి రోగులను ఆసుపత్రికి దాటించే క్లబ్బు పడవ వేరే ఊరికి పోతుంది. ఆ దీవికి మరో పడవ లేదు.

"డాక్టర్ ఆర్తెమియో ఏమన్నాడు?"

"పన్ను నొప్పట."

"పళ్ళ డాక్టరుకా? మరి మన పెద్దక్క, మానాంగ్ పాసింగ్?"

"పెద్దావిడ కదా, కళ్ళకి పొరలొచ్చాయి. పొద్దుగూకితే మొహాలు ఆనడం లేదట."

"నా మొహం ఆనకపోతే ఆవిడకేం నష్టం? కూర్చుంటే చాలదూ?" లిండా గంటను అటు జరిపి ఇటు జరిపింది. "పక్కూరు లవిగన్ క్లబ్బులో చోటు చాలక జనం నిలబడుతున్నారట. వాళ్ళ సమావేశం రేపేగా. ఏ ఊరి సభ్యులైనా వెళ్ళి కూర్చోవచ్చు. వెళ్తాను. ఆ కిటుకేమిటో తేల్చుకొస్తాను."

నెస్టర్ చేతిలో ఫోర్కు నోటి దాకా వచ్చి ఆగింది.

"లవిగనా? ఎందుకు ప్రెస్, వానలో? దారంతా నీళ్ళు. పైగా వాళ్ళు కూడేది ఓ దర్జీ కొట్టులో. కాళ్ళు చాపుకోవడానికి కూడా ఉండదు."

"మీకెలా తెలుసు?"

"జనం అనుకుంటుంటే విన్నా."

మర్నాడు సాయంత్రం జీప్నీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని లిండా దారి పొడుగునా గొడుగు పిడి తిప్పుతూనే ఉంది. రేపు కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టాలి? మేనల్లుళ్ళనా? చర్చి పాటల బృందాన్నా? లవిగన్ సంతలో దిగేసరికి చినుకులు మళ్ళీ మొదలయ్యాయి.

దర్జీ కొట్టు నుంచి నవ్వులు వీధిలోకి వినిపిస్తున్నాయి. లిండా గుమ్మం బయటే, చూరు కింద ఆగింది. లోపల వేదిక లేదు, గంట లేదు, బ్యానరు లేదు. నేల నిండా నీలం టార్పాలిన్ పరిచి ఉంది. దాని చుట్టూ జనం నేల మీదే చేరి అంచులు కుడుతున్నారు.

"లాగి పట్టు డాక్టర్, ఇది పన్ను కాదు, ఊడిరాదు!"

"రేపటికి పడవ మీద కట్టెయ్యగలమా?"

"కట్టాలి. పాత కప్పు చిరుగుల కింద రోగులు తడిసింది చాలు. రేపు ఆ పెద్దాయన్ని పడవ దగ్గరికే తీసుకొచ్చి, ఈ కప్పు కింద అందరం కూర్చుందాం. క్లబ్బు ఎక్కడుందో ఆయనకే కనపడుతుంది."

"ప్రెస్ ఉపన్యాసానికి ముందా, తర్వాతా?"

"ముందే! తర్వాత లేచే ఓపిక ఎవరికుంటుంది?"

"పైకప్పు సంగతి మన హాల్లో ఎత్తితే ప్రెస్ ఏం చేసింది? కమిటీ వేసింది. రెండోసారి ఎత్తితే ఆ కమిటీ మీద ఇంకో కమిటీ వేసింది."

కొట్టు కొట్టంతా గొల్లుమంది. ఆ నవ్వే గొంతులన్నీ లిండాకు తెలిసినవే. పన్ను నొప్పి డాక్టర్ టార్పాలిన్ కొస పళ్ళతో పట్టుకుని ఉన్నాడు. లక్కీ డ్రాలో బియ్యం గెలుచుకుని మళ్ళీ కనపడని పోస్టుమాస్టర్ మైనం రాస్తున్నాడు. మూలన మిషను తొక్కుతున్న మనిషి తల ఎత్తాడు. నెస్టర్! వానలో ఆవిడ రాదనుకున్నాడు కాబోలు. ఆవిడను చూడగానే అతని కాలు తొక్కడం మరిచిపోయింది. ఒకరి తర్వాత ఒకరు గుమ్మం వైపు తిరిగారు. నవ్వులు ఆగిపోయాయి.

లిండా గుమ్మంలోకి ఒక అడుగు వేసింది.

"ఎవరది, దీపానికి అడ్డంగా?" అంది మానాంగ్ పాసింగ్, దబ్బనం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని తంటాలు పడుతూ. "లోపలికి రా ఇందాయ్, రా పిల్లా. ఈ బెజ్జం నాకు ఆనడం లేదు, కాస్త దారం ఎక్కించి పెట్టు. కొత్తదానివా? భయపడకు, ఇక్కడ హాజరు పిలవరు. ఉన్నది ఒక్కటే నియమం. మేమిక్కడ ఉన్నట్టు ఆ లిండాకి చెప్పకూడదు."

లిండా గొడుగు ముడిచి గోడకు ఆనించింది. చెప్పులు విప్పి టార్పాలిన్ అంచున చతికిలబడింది. దారం కొస తడిచేసి, దబ్బనంలోకి ఎక్కించి, ముసలావిడ చేతిలో పెట్టింది.

ఆ తర్వాత గొంతు కాస్త మార్చి, "చెప్పను మానాంగ్" అంది.