కదలని నీళ్లు

"గ్లాసు ఖాళీ చేసి చూశావా, నాయనా?"

బాయిలర్ గది గుమ్మం బయట నిలబడి ముసలాయన రోజూ అడిగే ప్రశ్న అదొక్కటే.

"చూశాను మౌసా, చూశాను. చీఫ్ ఇంజనీరువి కదా, నీకు చెప్పకుండా చేస్తానా?" అన్నాడు నిరాకార్, కప్పులో మిగిలిన టీ గుమ్మంలోకి విసిరికొడుతూ. ఆ ఊళ్లో బాబాయిని మౌసా, పిన్నిని మౌసీ అంటారు.

టీ ఆయన కాళ్ల మీద పడింది. ఆయన తుడుచుకోలేదు, గుమ్మమూ దాటలేదు. మహానది ఒడ్డున ఉన్న ఈ ఆసుపత్రిలో నిరాకార్ బాయిలర్ పనికి చేరి ఆరు నెలలు. ఒక్కనాడూ ఆ ముసలాయన లోపల అడుగు పెట్టింది లేదు.

ఎడమ చెవి లేదు. చేతివేళ్లు కరిగిన మైనంలా ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. ఆ మనిషిని చూస్తే నిరాకార్‌కి ఒళ్లు గగుర్పొడిచేది. భయం బయటపడకుండా వెక్కిరించేవాడు.

"అలా అనకురా," అనేది గేటు దగ్గర టీ అమ్మే కుంతల మౌసీ. "ముప్పై ఏళ్ల కింద ఇక్కడ బాయిలర్ పేలిందట. గోడవతల కాన్పుల వార్డు కూలిపోయింది. పదకొండు మంది పోయారు. ఈ గోలక్ మౌసా పెళ్లాం, పురిటిబిడ్డ అందులోనే. నేను కొట్టు పెట్టేనాటికే ఈయన ఇలా వస్తుండేవాడు."

"పోయినవాళ్లు పోయారు. మధ్యలో నా ప్రాణం తోడటం దేనికి?"

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఊళ్లో ఎవరూ పనిముట్టు ముట్టరు. కానీ ఆపరేషన్ కత్తులు ఉడకాలంటే ఆవిరి కావాలి. అందుకని మంట మాత్రం ఉంచుతారు, యంత్రం మీద చెయ్యి వెయ్యరు.

పూజారి బాయిలర్‌కి సిందూరం పెట్టి, గ్లాసు కింది కుళాయికి ఎర్రదారం చుట్టి వెళ్లాడు.

గ్లాసంటే బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో చూపించే నిలువు గాజుగొట్టం. పూటకోసారి కుళాయి తిప్పి ఖాళీ చెయ్యాలి. మళ్లీ నీళ్లు ఎక్కితే గ్లాసు నిజం చెబుతున్నట్టు.

దారం తెంపడానికి నిరాకార్‌కి చెయ్యి రాలేదు. భార్య సుకాంతి రాత్రి నుంచి గోడవతలే నొప్పులు పడుతోంది. ఇవాళే దేవుడికి కోపం తెప్పించడం ఎందుకు? గ్లాసులో సగానికి నీళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

డ్యూటీ పుస్తకంలో 'గ్లాసు ఖాళీ చేసి చూశాను' అని రాసి సంతకం పెట్టాడు.

"గ్లాసు ఖాళీ చేసి చూశావా, నాయనా?"

"పండగ పూట కూడానా? చూశాను, పో!"

"మీ ఆవిడ కాన్పుల వార్డులో ఉందటగా?"

"ఉంటే నీకేం?"

గోలక్ చెప్పులు విడిచాడు. గుమ్మం దాటాడు.

"ఏయ్! పూజ చేసిన గది!"

ఆయన వినలేదు. గ్లాసు దగ్గర వంగి చూశాడు.

"నీళ్లు కదలడం లేదు. పొయ్యి మీద నీళ్లు ఎక్కడన్నా నిద్రపోతాయా?"

అతుక్కుపోయిన వేళ్లతో ఎర్రదారం తెంపి కుళాయి తిప్పాడు. గ్లాసు ఖాళీ అయింది. కుళాయి కట్టేశాడు. నీళ్లు ఎక్కలేదు.

నిరాకార్ నీళ్ల పంపు స్విచ్చి మీదికి దూకాడు.

"వద్దు! కాలిన పెనం మీద నీళ్లు పోస్తావా? పేలుతుంది! ముందు మంట ఆపు!"

గోలక్ స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాడు. నిరాకార్ ఆయన్ని మొహం మీద కొట్టాడు. పక్కకి లాగబోయాడు. ముసలాయన కదల్లేదు. నెత్తురు కారుతుండగానే చెయ్యి చాచి మంట ఆపే ఎర్ర మీట నొక్కాడు.

బాయిలర్ హోరు ఆగిపోయింది. గోడవతల ఆడవాళ్ల మూలుగులు వినిపించాయి.

ఆవిరి ఆగిందని ఇంజనీరు మహాపాత్ర పరుగున వచ్చాడు. నిరాకార్ చూపు డ్యూటీ పుస్తకం మీద పడింది. అందులో తన సంతకం, దానితోపాటే ఉద్యోగం.

"ఈ పిచ్చోడు లోపలికి దూరి బాయిలర్ ఆపేశాడు సార్!"

గోలక్ తెరిచి ఉన్న పుస్తకం వైపు ఒక్కసారి చూశాడు. కాపలావాళ్లు ఆయన్ని గేటుదాకా ఈడ్చుకెళ్లారు.

మధ్యాహ్నం సుకాంతికి ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు బాయిలర్ చల్లారాక మహాపాత్ర మూత తీయించి లోపల టార్చి వేశాడు. బయటికి వచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది.

"గొట్టాలన్నీ మాడి నీలం తిరిగాయి. గ్లాసులోకి నీళ్లొచ్చే దారి సున్నంతో పూడుకుపోయింది. ఆ మంట మీద ఎవరైనా పంపు వేసి ఉంటే ఈపాటికి ఆ వార్డు ఉండేది కాదురా!"

నిరాకార్ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. తర్వాత గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"నిన్ననే వెళ్లిపోయాడు," అంది కుంతల మౌసీ. "'నా డ్యూటీ దిగాను కుంతలా' అన్నాడు. ఏం డ్యూటీయో ఏమో! టీ కూడా తాగలేదు. మహానది వైపు నడిచాడు."

నిరాకార్ మూడు రోజులు గట్టంతా వెతికాడు. చూసినవాళ్లు లేరు. ఆయన వచ్చే వేళకి, పొద్దున్న ఆరయ్యేసరికి, కళ్లు గుమ్మం వైపే పోయేవి. ప్రశ్న చెవుల్లో వినిపించేది, మనిషి ఉండేవాడు కాదు.

నాలుగో రోజు డ్యూటీ పుస్తకం తీసుకెళ్లి మహాపాత్ర ముందు పెట్టాడు.

"నేను చూడలేదు సార్. అబద్ధం రాశాను. మమ్మల్ని కాపాడింది ఆ ముసలాయనే."

మహాపాత్ర బీరువా తెరిచి, అంచులు కాలిన పాత డ్యూటీ పుస్తకం బయటికి తీశాడు.

"నీకు ముందు ఇంకొకడు ఇదే అబద్ధం రాశాడు. ఏడేళ్లు జైల్లో ఉన్నాడట. తర్వాత ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. చదువు."

పదకొండు మంది పోయిన రోజు పేజీలో, 'గ్లాసు ఖాళీ చేసి చూశాను' అన్న మాటల కింద, గోలక్ అని సంతకం ఉంది.