ఊడని అంచు

"మళ్ళీ ఊడింది!" పెద్దసారు ఫిల్మును బల్లమీదికి విసిరికొట్టారు. ఆ ల్యాబుకి ఆయనే అధిపతి.

ఆస్పత్రుల్లో ఊపిరితిత్తుల బొమ్మలు అచ్చువేసే ఫిల్ము అది. రెండు పొరలుంటాయి. యంత్రంలో వేడి తగిలి బొమ్మ పడ్డాకే పై పొరను ఒలిచెయ్యాలి. ఇదేమో కొలతకి కొయ్యడానికి కత్తి పడగానే అంచులు విచ్చుకుని ముందే ఊడొస్తోంది. ఊడినచోట లేని మచ్చ కనబడుతుంది. లేని జబ్బుకి ఎవరికో మందులు మొదలవుతాయి.

"జిగురు దట్టించండి!" నెలరోజులుగా సారు చేసిన పరిశోధనంతా ఆ ఒక్క మాటే.

"జిగురెక్కువైతే బొమ్మ పడ్డాక కూడా ఊడదు కద సార్," అంది మూలనున్న అమ్మాయి.

మొన్న సోమవారం ఆమె మొదటిసారి గుమ్మంలో కనబడగానే, "కొత్త అసిస్టెంటువా? ఇంత ఆలస్యమా?" అంటూ సారు ఏప్రన్ చేతికిచ్చారు. ఏదో చెప్పబోతే, "సంజాయిషీలు తర్వాత" అని కసిరారు.

"అయితే తమరే సెలవివ్వండి!" అన్నారిప్పుడు సారు వెటకారంగా.

"కొయ్యగానే అంచుల్ని మాత్రం వేడి రోలరు కింద పోనిద్దాం సార్. రెండు పొరలూ అక్కడ కరిగి అతుక్కుంటాయి. తర్వాత ఒలిచేముందు..."

"ఒలవడం నాకు నేర్పుతావా?"

సాయంత్రానికి వంద ఫిల్ములు కోశారు. ఒక్కటీ ఊడలేదు. 'నేను కనిపెట్టిన పద్ధతి' అంటూ సారు పైవాళ్ళకి ఉత్తరం రాసేశారు.

శుక్రవారం ఆస్పత్రుల తరఫున కొనేవాళ్ళు ముగ్గురొచ్చారు. "నువ్వు మంచినీళ్ళు పట్రా. నోరు మెదపకు," అన్నారు సారు.

ట్రేతో ఆ అమ్మాయి రాగానే ముగ్గురూ నోరెళ్ళబెట్టారు. తన ల్యాబు చూసే అనుకుని సారు పొంగిపోయారు. ఫిల్మును వంచారు, దులిపారు, బల్లకేసి కొట్టారు. ఊడలేదు. "ముప్పయ్యేళ్ళ అనుభవమండీ!" అంటూ బొమ్మ అచ్చువేసి పై పొర లాగారు.

రాలేదు. గోటితో గీకారు. రాలేదు. అటు తిరిగి పళ్ళతో కూడా ప్రయత్నించారు.

అమ్మాయి ట్రే దించి, కత్తెర తీసుకుని, అతుక్కున్న అంచుల్ని నాలుగువైపులా కత్తిరించింది. పై పొర ఉల్లిపొరలా వచ్చేసింది. కింద ఊపిరితిత్తుల బొమ్మ, ఎక్కడా మచ్చలేదు.

"నేనే నేర్పానండీ," మూతి తుడుచుకున్నారు సారు. "పిల్ల చురుకైందే."

వచ్చినవాళ్ళలో పెద్దాయన గబుక్కున లేచి, తన కుర్చీ ఆ అమ్మాయి ముందుకి జరిపాడు.

"మేడమ్, ఈ ఫిల్ము కొనమంటారా, వద్దంటారా?"