రాజనర్సయ్య పడవ

"జర పక్కకు జరుగమ్మా, రంపం తగుల్తది" అన్నాడు ముషర్రఫ్.

రుద్రమ్మ జరగలేదు. బోర్లించిన పడవ మీద గట్టిగా కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

అమీర్‌పేటలో నీళ్లంటే ట్యాంకర్ నీళ్లే. అలాంటి చోట, ఆడపిల్లల హాస్టల్ వెనక, విరిగిన మంచాలకీ ఖాళీ గ్యాస్ బండలకీ మధ్య ఇంత పొడుగు పడవ! దాని మీద పిల్లలు బట్టలారేస్తారు, పిల్లులు ఎండ కాచుకుంటాయి.

"రేపు దావత్ ఉందమ్మా. నాలుగు డేక్షాల బిర్యానీ. గీ పాత టేకు లకడీ మస్తుగ మండుతది" అని బతిమాలాడు ముషర్రఫ్. ఆయనది కట్టెల వ్యాపారం.

"మొన్ననే కదా భాయ్ నా పెనిమిటిని కాలవెట్టింది. ఇయ్యాల ఆయన పడవను సుత కాలవెడ్తరా?"

ముషర్రఫ్ రంపం దించి నేల చూపులు చూశాడు.

హాస్టల్ ఓనరు వంశీధర్ తాళాలు తిప్పుకుంటూ వచ్చాడు. "ఏంటండీ రుద్రమ్మగారూ ఇది? ఇక్కడ జనరేటర్ పెట్టాలి. బిగించేవాళ్లు సాయంత్రం వచ్చేస్తారు."

"మా ఆయన గీ పడవతోని గోదారి వరదల జనాన్ని కాపాడిండు సార్. దీన్నెట్ల నరికిస్తరు?"

"ఏ జనాన్నండీ? మీ ఆయన నాకు చెప్పినప్పుడు నలభై మంది. వంటామెకి చెప్పినప్పుడు వందమంది, రెండు గేదెలు. మొన్నామధ్య పిల్లలకి చెప్తుంటే విన్నాను, పెళ్లికొడుకుతో పాటు బ్యాండుమేళం కూడా ఎక్కేసింది! వాయిస్తూనే ఒడ్డుకి చేరారంట!"

పైన బాల్కనీల్లో ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. వాచ్‌మన్ రాజనర్సయ్య బతికుంటే ఆయనా నవ్వేవాడు. నవ్వి, ఆ బ్యాండువాళ్లకి ఇంకో డోలు కలిపేవాడు. ఇప్పుడు కలిపేవాడు లేడు. రుద్రమ్మకి గోదావరి ఎటు పారుతుందో కూడా తెలియదు. ఆమె కాపురానికి వచ్చేసరికే ఆయన పట్నంలో ఉన్నాడు, పడవ ఈ పెరట్లో ఉంది. హుస్సేన్‌సాగర్‌లో బోటు నడిపే కాశిఫ్‌ని కాళ్లావేళ్లా పడి పిలిపించి చూపిస్తే, "నదిల తిరిగిన పడవనే గని, ఎవలిదో నాకేమెర్క?" అని చేతులు దులుపుకుని పోయాడు. ఆ రాత్రంతా ఆమె ఈ పడవని పట్టుకునే ఏడ్చింది. మనిషి పోయాడు, పోతే పోయాడు. మాట కూడా పోతే ఇక ఆయనది మిగిలేదేముంది?

"ఆంటీ!" అంటూ పింకీ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. రెండో అంతస్తు పిల్ల, జావా కోర్సు. "పడవ ఫొటో గ్రూపులల్ల పెట్టిన కదా, ఒక అవ్వ గుర్తువట్టిందంట! పంజగుట్ట నుంచి ఆటోల వస్తున్నది!"

వంశీధర్ తాళాలు తిప్పడం ఆపాడు. "సరేనండీ. ఆవిడ వచ్చి ఇది ఆ వరదలో తిరిగిన పడవేనని చెబితే, గేటు ముందు దిమ్మ కట్టించి నిలబెడతాను. మీ ఆయన పేరు కూడా రాయిస్తాను. లేదంటే నరికేయడమే. మళ్లీ ఏడవకూడదు."

"ఏడ్వ" అంది రుద్రమ్మ, ఏడుస్తూనే.

ఆటో దిగిన ముసలామె పేరు చిలకమ్మ. గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, పడవని చూసి అక్కడే ఆగిపోయింది. "తిప్పుండ్రి" అంది.

ముషర్రఫ్, అతని మనుషులు కలిసి పడవని వెల్లకిలా తిప్పారు. దాని కింది నుంచి బొద్దింకలు దండుగా బయల్దేరితే బాల్కనీలన్నీ కెవ్వుమన్నాయి. చిలకమ్మ అదరలేదు, బెదరలేదు. పడవ ముక్కు దగ్గర చతికిలబడి చెక్కల సందులో వేలు పెట్టి వెతికింది.

"మా ఊళ్ల కొత్త పడవ నీళ్లల్లకు దిగాలంటే, ఆ యేడు కొత్తగ కాపురానికొచ్చిన కోడలు గాజు పలగ్గొట్టి గీడ వెట్టాలె. మీద గుగ్గిలం పోస్తరు. గీ పడవ దిగిన యేడు ఆ కోడల్ని నేనే."

గోటితో గీకింది. నల్లటి గుగ్గిలం పెచ్చు ఊడింది. లోపల పచ్చగా, గింజంత గాజు ముక్క తళుక్కుమంది.

"నా గాజే బిడ్డా" అంది చిలకమ్మ.

"యా అల్లా!" అంటూ ముషర్రఫ్ రంపాన్ని వీపు వెనక దాచుకున్నాడు. పింకీ వీడియో తీస్తోంది. రుద్రమ్మ కొంగు ముడి విప్పి, పాస్‌పోర్టు సైజు ఫొటో ముసలామె ముందు పెట్టింది.

"వరదల పడవ నడిపింది గీయినేనా అవ్వా?"

చిలకమ్మ ఫొటోని ఎండకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"గీయినే. మా ఊరి పడవ నడిపేటోడు. నర్సయ్య."

వంశీధర్ మొహం చిన్నబోయింది. "తప్పయిపోయిందండీ రుద్రమ్మగారూ. రేపే మేస్త్రీని పిలిపిస్తాను" అన్నాడు.

రుద్రమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయన పోయాక మొదటిసారి తల పైకెత్తి, బాల్కనీల వైపు ఒకసారి, ఓనరు వైపు ఒకసారి చూసింది.

"ఇన్నరా సార్? అవ్వా, అందరికి ఇనవడేటట్టు జర గట్టిగ చెప్పు. ఆ రాత్రి మా ఆయన ఎవలెవల్ని ఎక్కించుకున్నడు?"

"ఒక్కడే ఎక్కి పోయిండు బిడ్డా" అంది చిలకమ్మ. "బడి కప్పు మీదినుంచి మేమందరం పిలుస్తనే ఉన్నం."