కాస్త అవతలికి

“ముసలమ్మా, మళ్లీ అడ్డొచ్చావు!”

సత్తిబాబు కెమెరా దించి తల పట్టుకున్నాడు.

మంజీర నది నడుమ చిన్న గడ్డ అది. నాలుగు గుడిసెలు, జొన్న చేను, ఒడ్డున ఆరేసిన వలలు. పటాన్‌చెరులో ఫోటో స్టూడియో నడిపే సత్తిబాబును ఇక్కడికి పంపింది ఐలన్న. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉంటూ ఫ్యాక్టరీకి పోయే ఐలన్న పుట్టి పెరిగింది ఈ గడ్డ మీదే.

“మా గడ్డంతా తియ్యి సారూ. పెద్దమ్మను మాత్రం మర్వకు” అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

పెద్దమ్మ అంటే ఇక్కడివాళ్లు బోనాలెత్తే దేవత అని పటాన్‌చెరు వచ్చిన కొత్తలోనే సత్తిబాబు తెలుసుకున్నాడు. వ్యాపారం చేసేవాడికి ఊరి దేవతలు తెలియకపోతే ఎలా?

అతని లెక్క ఇంకొకటి కూడా ఉంది. కాలనీ నిండా కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లే. నీళ్లు, పడవలు, కొంగలు చూడక మొహం వాచి ఉన్నారు. ఈ ఫోటోలు పెద్దవి చేసి దుకాణం అద్దంలో పెడితే గిరాకీకి తిరుగు లేదు. కాకపోతే దృశ్యం శుభ్రంగా ఉండాలి. ముక్కూ మొహం తెలియని మనిషిని డబ్బిచ్చి ఎవరు గోడకు తగిలించుకుంటారు?

ఈ ముసలమ్మకు ఆ సంగతి పట్టదు. వలల దగ్గరికి వెళ్తే వలల ముందు నిలబడుతుంది. చేను వైపు తిరిగితే చేను ముందు. నూనె రాసి దువ్విన తల, మడతలు విడని కొత్త చీర.

“ఈడ నిలవడాల్నా బిడ్డా?”

“ఇక్కడొద్దు. కాస్త అవతలికి.”

“గిట్లనా?”

“ఇంకా అవతలికి, తల్లీ!”

వెళ్లింది. అయిదు నిమిషాల్లో కొంగల గుంపు ముందు ప్రత్యక్షమైంది. కొంగలన్నీ లేచిపోయాయి.

“నీది ఏ ఊరు కొడుకా?”

“గోదావరి లంక” అన్నాడు పళ్లు నూరుతూ.

“లంకనా! రావణాసురుని ఊరా?”

“అవును. పది తలలుంటే బాగుండేది. ఉన్న ఒక్కటీ నువ్వు తినేశావు.”

ముసలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరికి ఆమెను గుడిసె వెనక్కి పంపి, కదలొద్దని చెప్పి, పుట్టి నడిపే చిన్నరాములును పిలిచాడు.

“పెద్దమ్మ గుడి ఎక్కడయ్యా?”

“గుడేడిది సారూ? గా యాపచెట్టు కింద రాయే.”

పసుపు పూసిన ఆ రాయిని వెలుగు చూసుకుని, కోణం చూసుకుని ఓపిగ్గా తీశాడు. వెళ్లిపోవడానికి పుట్టి ఎక్కుతుంటే ముసలమ్మ ఒడ్డుదాకా వచ్చింది.

“అయిందా బిడ్డా? మంచిగొచ్చిందా?”

“బ్రహ్మాండంగా వచ్చింది” అన్నాడు, వదిలితే చాలని.

రెండు వారాల తర్వాత ఐలన్న స్టూడియోకి వచ్చాడు, గుండుతో.

“ఏమయ్యా, మొక్కు తీర్చుకొచ్చావా?”

ఐలన్న ఫోటోలు గబగబా తిప్పాడు. మళ్లీ మొదటినుంచి తిప్పాడు.

“పెద్దమ్మ ఏది సారూ?”

“అదిగో, చేతిలోనే ఉంది. పసుపు, కుంకుమ ఎంత కళగా వచ్చాయో చూడు.”

“గీ పెద్దమ్మ గాదు సారూ. మా అమ్మ అక్క. అమ్మ పోతే నన్ను సాదింది. జరమొచ్చి ఆమె గూడ పోయింది. రేపు దినం. ముంగట పెట్టనీకి ఒక్క ఫోటో లేదు.”

సత్తిబాబుకు కొత్త చీర గుర్తొచ్చింది. ముందుగా కోపమే వచ్చింది, ఎవరి మీదో తెలియకుండా.

“గడ్డంతా నా వెంటే తిరిగిందయ్యా! నా ఫోటో తియ్యమని ఒక్క మాట అనొచ్చుగా? పొమ్మన్నప్పుడల్లా ఎందుకు పోయింది?”

ఐలన్న ఫోటోలు బల్ల మీద పెట్టేశాడు.

“‘సారు ఏడ నిలవడమంటే ఆడనే నిలవడు పెద్దమ్మా’ అని నేనే చెప్పొచ్చిన సారూ.”