ముందు ఆగే గది

“బ్యాటరీ ఠీక్ హై దీదీ. కరెంటు పోయాక లోడ్ పెరిగితే, ఇన్వర్టర్ ముందుగా ఈ గదిని ఆపేస్తుంది. సాబే అలా పెట్టించారు,” అన్నాడు మెకానిక్.

ఉషశ్రీ భర్తవైపు తిరిగింది. ఈ ఢిల్లీ ఎండల్లో ఆమె తండ్రి గదిలో ఫ్యాను ఆగినప్పుడల్లా, బ్యాటరీ పాతదైందనే చెబుతూ వచ్చాడు హరనాథ్.

“నిజమేనా?”

“ఏదో ఒక గది ఆపకపోతే మొత్తం ట్రిప్పవుతుంది మరి!”

“మా నాన్న గదే దొరికిందా? ఆయాసం మనిషండీ!”

హరనాథ్ లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు. “నువ్వెలాగూ పొమ్మనవు. ఉక్కపోతకైనా ఊరెళ్తారనుకున్నా.”

ఉషశ్రీ మెకానిక్‌వైపు తిరిగింది.

“ఇప్పుడు ఏ గది ఆపమంటారు దీదీ?”

“ఆ పెద్ద గది.”

“మీ ఇద్దరి గదేనా?”

“నాది కాదు భయ్యా, ఆయనది.”