పురుగుల వాటా

"డ్రమ్ము మళ్ళీ ఖాళీయేనా పిన్నీ! నా కొంప ముంచడానికే వచ్చావా?"

ఫ్యాక్టరీ క్యాంటీన్ వెనక షెడ్డు గుమ్మంలో నిలబడి మేనేజరు చిందులు తొక్కుతున్నాడు. లోపల ట్రేలలో తెల్లటి పురుగులు ఆకలితో మెసులుతున్నాయి. కంచాల్లో మిగిలి డ్రమ్ములో పడే తిండే వాటికి మేత. అవి బలిశాక ఎండబెట్టి, పొడి చేసి, కోళ్ళ దాణాకి అమ్ముతారు. మాంసం కన్నా ప్రోటీన్ ఎక్కువట.

"జనం ఊడ్చుకు తింటుంటే నేనేం చెయ్యను బాబూ?" అంది వంటపిన్ని చేతులు తుడుచుకుంటూ.

"అదే నీ తప్పు! పాత వంటవాడు ఉండగా డ్రమ్ము పొంగిపొర్లేది. నువ్వొచ్చావు, పురుగులు పస్తులుంటున్నాయి. రేపు తిండి వృథాని అరికట్టే సంఘం వాళ్ళు బస్సు నిండా దిగుతున్నారు. మిగిలిన తిండిని మేతగా మారుస్తున్నందుకు బహుమతి మనకే అనుకుంటుంటే, ఖాళీ డ్రమ్ము చూపించమంటావా?"

"మరేం చెయ్యమంటావు?"

"కూరలో ఇంకో గుప్పెడు ఉప్పు పడెయ్. అతిథుల సంగతి నీకెందుకు, వాళ్ళకి పెద్ద హోటల్ నుంచి తెప్పిస్తున్నాలే. రేపు డ్రమ్ము నిండలేదో, ఎల్లుండి నువ్వు రానక్కర్లేదు."

మర్నాడు ఉడుకుతున్న కూర ముందు పిన్ని గుప్పెట్లో ఉప్పుతో నిలబడింది. ఈ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. వేస్తే, ఇంతమంది నోటి దగ్గర కూడు చెడగొట్టిన పాపం. "నువ్వే దారి చూపించు స్వామీ" అని కళ్ళు మూసుకుంది.

మధ్యాహ్నం అతిథులు భోంచేసి, కాసేపు కబుర్లాడి షెడ్డుకి వచ్చేసరికి డ్రమ్ము అంచుదాకా నిండి ఉంది. ట్రేలలో పురుగులు పండగ చేసుకుంటున్నాయి.

"అద్భుతం! కానీ మీ పనివాళ్ళకి కాస్త బుద్ధి చెప్పండి. ఇంత తిండి పారేస్తారా, పాపం కాదూ?" అంటూ సంఘం పెద్దాయన తల అడ్డంగా ఊపి, బహుమతి మేనేజరు చేతిలో పెట్టాడు.

బస్సు గేటు దాటిందో లేదో, మేనేజరు వంటగదికి పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వు సామాన్యురాలివి కాదు పిన్నీ! ఎంత ఉప్పు కొట్టావేంటి?"

"చిటికెడు కూడా ఎక్కువ వెయ్యలేదు బాబూ, చెయ్యి రాలేదు. మనవాళ్ళ కంచాలు ఇవాళా కడిగినట్టే వచ్చాయి."

"మరి డ్రమ్ములోది?"

"ఆ సంఘం వాళ్ళు వదిలేసింది."

మేనేజరు గేటు వైపు తిరిగాడు. మెల్లగా అతని మొహం వెలిగింది.

"ఇక నీ పనికి ఢోకా లేదు పిన్నీ. వాళ్ళని వారం వారం భోజనానికి పిలుద్దాం!"