పేర్ల మధ్య గీత

బోల్టుకు ఇంకొక్క తిప్పు తిప్పుదామనుకున్నాడు ఈశ్వర్. ఆ ఒక్క తిప్పుకే టప్‌మని శబ్దం వచ్చింది. కల్యాణమండపం గుమ్మం పక్కన నిలబెట్టిన గాజులాంటి అక్రిలిక్ బోర్డు, నడిమి బోల్టు దగ్గర పగిలి, జానెడు పొడుగున కిందికి చీలింది. ఆ చీలిక ఏ మూలకో పోయినా బాగుండేది. ఎడమ పక్క కుమారి, కుడి పక్క మోహనకృష్ణ. సరిగ్గా ఆ రెండు పేర్ల మధ్య గీత గీసినట్టు దిగి ఆగింది.

కుమారి అతని చెల్లెలు. నరసన్నపేటలో సైన్‌బోర్డుల కొట్టు ఉన్నవాడు చెల్లెలి పెళ్లికి బోర్డు బయట చేయిస్తాడా? అవతలి మనిషి స్పష్టంగా కనబడే మంచి షీటు తెచ్చి, బంగారు రంగు అక్షరాలు తనే కోసి అంటించాడు. చివరికి తన చేతులతోనే ఇంత పని చేసుకున్నాడు.

బంతిపూల బుట్టతో వస్తున్న అతని భార్య హేమ, ఆ పగులు చూసి బుట్టతో సహా మెట్టు మీద కూలబడింది. ఆమె భయమంతా పెళ్లికొడుకు నాయనమ్మ జగ్గమ్మ గురించే. నిశ్చితార్థంలో కొట్టిన కొబ్బరికాయ కుళ్లిందని ఇదే మనవడికి అంతకుముందు ఒక సంబంధం వదిలేయించిన మనిషి ఆవిడ. ఆ సంగతి ఈ పెళ్లి కుదిర్చిన మధ్యవర్తే చెప్పాడు, అదేదో గొప్పన్నట్టు. కాయ కుళ్లితేనే అంత చేసినావిడ, పేర్ల మధ్య పగులు చూస్తే బస్సు వెనక్కి తిప్పించదూ?

"తీసి దాచీయండి," అంది హేమ.

దాచడానికి లేదు. ముందురోజు ఈశ్వర్ మురిసిపోయి ఆ బోర్డు ఫొటో మగపెళ్లివారందరికీ పంపాడు. దిగీదిగగానే ముందు అదే చూస్తానని జగ్గమ్మ కబురు కూడా పెట్టింది. కొత్త షీటు కావాలంటే విశాఖపట్నం వెళ్లాలి. టైము ఎనిమిదయింది. గజపతినగరం నుంచి బస్సు పదకొండుకల్లా వచ్చేస్తుంది.

ఇద్దరూ బోర్డు ఊడదీసి, ఆటోలో కొట్టుకు పట్టుకుపోయారు. పగులు ఇంకా పాకకుండా దాని చివర సూదిమొనంత కన్నం పెట్టాడు ఈశ్వర్. అక్రిలిక్ అతికించే మందు నీళ్లలా పలచగా ఉంటుంది. దాన్ని సిరంజితో ఎక్కించి పగులు అంచున చుక్క చుక్కగా వదిలితే, దాహం వేసినట్టు లోపలికి తాగేసింది. రెండు పక్కలా నొక్కి టేపు వేసి అరగంట కూర్చున్నారు. ఆ అరగంటలో హేమ ఎంతమంది దేవుళ్లకు మొక్కుకుందో ఆమెకే తెలియదు.

టేపు తీసి, నున్నటి ఎమిరీ పేపరు నీళ్లలో ముంచి రుద్దడం మొదలుపెట్టాడు. అక్కడంతా మంచు పట్టినట్టు తెల్లగా మసకబారింది. ఉన్న షీటు కూడా పాడు చేస్తున్నారని హేమ ఏడుపు గొంతుతో తిట్టింది. అతను ఆపలేదు. అంతకన్నా నున్నటి పేపరు, దానికన్నా నున్నటిది తీసుకుని రుద్దుతూ పోయాడు. చివరికి తెల్ల టూత్‌పేస్టు పూసి, పాత పంచె ముక్కతో గుండ్రంగా తోమాడు. అతని చెయ్యి లాగేస్తుంటే పట్టుచీర కొంగు నడుముకు చెక్కి హేమ తోమింది. తోమేకొద్దీ మసక విడిపోయింది. కన్నం మీద బంగారు చుక్క ఒకటి అంటించారు.

తడిగుడ్డతో తుడిచి చూస్తే పగులు ఎక్కడుందో ఈశ్వర్‌కే దొరకలేదు. గుండెల మీంచి బండ దించినట్టయింది. పొద్దున్నుంచి ముట్టని టీ ఇద్దరూ అప్పుడు తాగారు. పదిన్నరకు బోర్డు మళ్లీ గుమ్మం పక్కకు చేరింది. ఈసారి బోల్టులు మెల్లగా వేళ్లతోనే బిగించాడు.

బస్సు వచ్చింది. అందరికన్నా ముందు జగ్గమ్మ దిగి, తిన్నగా బోర్డు దగ్గరికే నడిచింది. కళ్లజోడు సర్దుకుని ఎదురుగా చూసింది, పక్కగా చూసింది, అరచేత్తో నిమిరింది. ఈశ్వర్ చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది.

"బాబూ, అబద్దం ఆడకు," అంది ఆవిడ. "పొద్దున్నుంచి ఈ పెళ్లింట ఏదైనా పగిలిందేటి?"

హేమ వెనక నుంచి మొగుడి చెయ్యి గిల్లింది.

"లేదండి మామ్మగారండీ. గాజుముక్క కూడా పగల్లేదండి," అన్నాడు ఈశ్వర్.

జగ్గమ్మ మొహం వాడిపోయింది. గుమ్మంలో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుంది. "మా ఇంట్లోనూ పగల్లేదు. దార్లోనైనా ఏదో ఒకటి పగుల్తాదని సూసినాను. ఇంతమంది కళ్లు పడ్డ జంట కదా నాయనా. ఒక్కటైనా పగిలితే దిష్టి దాంతో పోద్ది. పగలకపోతే పిల్లల మీదే ఉండిపోద్ది. నాకు కాలు లోపలికి పడ్డం లేదు."

ఈశ్వర్, హేమ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంచులోంచి వెలుగు పంపితే ఏ అతుకైనా బయటపడుతుందని అతనికి తెలుసు. గబగబా జేబులోంచి ఫోను తీసి లైటు వేసి, బోర్డు పై అంచుకు ఆనించాడు. రెండు పేర్ల మధ్య, షీటు లోపల, వెంట్రుకంత గీత తళుక్కుమంది.

జగ్గమ్మ ఆ గీతను పైనుంచి కిందదాకా వేలితో తడిమింది. అమ్మయ్య అనుకుంటూ కుడికాలు లోపల పెట్టింది.

"ఎవలు పగలగొట్టారో గాని, ఆ సెయ్యి సల్లగా ఉండాల," అంది.

"నేనేనండి," అన్నాడు ఈశ్వర్, రెండు చేతులూ ముందుకు చాపి.